బెల్లం కొట్టిన రాయిని పెంచుకోండి

మీ ఇంట్లో ఒక రాయి ఉంది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిందో, తులసికోట పక్కన పడి ఉన్నదో, మేడమీద టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువు పెట్టిందో. లేదనకండి, వెతకండి. దొరికాక దాన్ని కడిగి తుడిచి, మీరు రోజూ కూర్చునే చోటికి తెచ్చుకోండి. రేపటినుంచి రోజుకి పది నిమిషాలు దాన్ని పెంచండి. కుక్కపిల్లని పెంచినట్టు, కనకాంబరం మొక్కని పెంచినట్టు. నెల తిరిగేసరికి మీ మాటలో, మీ కోపంలో, ఇంట్లోవాళ్ళతో మీరు మెలిగే తీరులో తేడా కనిపిస్తుంది. నాకు కనిపించింది, మా ఇంటిల్లిపాదికీ కనిపించింది. అందుకే చెబుతున్నాను.

నవ్వొచ్చిందా? నవ్వండి. మా ఇంట్లోనూ మొదటి వారమంతా నవ్వులే. నవ్వుతూ మొదలుపెట్టిన అలవాటు నిలబడుతుంది. మొహం ముడుచుకుని మొదలుపెట్టిన సాధన ఏదీ పదిరోజులు దాటగా నేను చూడలేదు.

మా రాయి పేరు రాయుడు. గోదావరి జిల్లాల్లో ఆ పేరుకి కొదవలేదు. మా చిన్నది ఒక్క క్షణం ఆలోచించకుండా ఆ పేరు పెట్టేసింది. వయసులో పెద్దవాణ్ణి పట్టుకుని అలా పిలవడమేమిటని మా ఆవిడ 'గారు' చేర్చింది. "రాయుడుగారికి స్నానం అయిందా అండీ?" అని పొద్దున్నే వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. మనిషి నలుపు. ఒకవైపు చదును, మిగతా అంతా గుండ్రం. ఒంటిచేత్తో పట్టుకోవచ్చు గానీ వేళ్ళు పూర్తిగా చుట్టుకోవు. కిరాణా కొట్లో తూయిస్తే కిలో రెండువందల గ్రాములు తూగాడు. పాత త్రాసే. "ఇన్నేళ్ళ వ్యాపారంలో రాయిని పెట్టి రాయిని తూచడం ఇదే మొదలు" అన్నాడు కొట్టు బాబాయ్. తూకానికి వాడేదాన్ని కూడా మనం రాయనే అంటాం కదా.

ఈ రాయుడు మా ఇంటికి వచ్చింది 1991లో. ఆ ఏడు గోదావరి పుష్కరాలకి మా అమ్మ కొవ్వూరు గోష్పాద రేవుకి వెళ్ళింది. స్నానం చేసి తిరిగి వస్తూ, రోడ్డుపక్క పోసిన నల్లరాళ్ళ కుప్పలో దీన్ని చూసింది. చేతిలోకి తీసుకుంది. చదునువైపు తడిమింది. "బెల్లం కొట్టడానికి బావుంటుంది" అని కొంగులో మూటగట్టింది. పుష్కరాలకి వెళ్ళినవాళ్ళు గోదావరి నీళ్ళూ, ప్రసాదమూ తెస్తారు. మా అమ్మ వాటితోపాటు కిలో రెండువందల రాయిని కూడా మోసుకుని, బస్సులు మారి యానాం చేరింది. ఆ తరవాత పాతికేళ్ళకి పైగా మా ఇంట్లో విరిగిన ప్రతి బెల్లం దిమ్మా దీని కిందే విరిగింది.

బయటి ఊళ్ళవాళ్ళకి ఇది వింతగా అనిపించవచ్చు. రాయి కోసం అంత మోత ఎందుకని. యానాంలో పుట్టినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో పుట్టిన రాయి ఒక్కటి కూడా లేదు. గోదావరి పాయ గౌతమి తెచ్చిపోసిన ఒండ్రుమీద నిలబడ్డ ఊరు ఇది. బావి తవ్వినా, బోరు దింపినా తగిలేది ఇసుక, బంకమట్టి, మళ్ళీ ఇసుక. త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చే గోదావరి, కొండల్లో ఉన్నంతసేపూ రాళ్ళు దొర్లిస్తూనే ఉంటుంది. పాపికొండలు దాటి రాజమండ్రి దగ్గర మైదానంలోకి దిగాక వడి తగ్గి, మోయలేని బరువులు అక్కడే దింపేస్తుంది. మా దాకా వచ్చేసరికి మిగిలేది గంధంలాంటి మెత్తటి ఒండ్రు. అందుకే మా పిల్లలు మామిడికాయ కొట్టాలంటే మట్టిబెడ్డ వెతుక్కుంటారు. తొక్కుడుబిళ్ళకి పెంకుముక్క, అచ్చంగిల్లాలకి గచ్చకాయలు. యానాంలో మీ కాలికి రాయి తగిలిందంటే, దాన్ని ఎవరో ఒకరు పడవమీదో బండిమీదో లారీలోనో ఇంతదూరం మోసుకొచ్చారని అర్థం. రోలు, తిరగలి, గట్టుకి పరిచిన బండలు, రోడ్డు కింద కంకర అన్నీ పైనుంచి వచ్చిన చుట్టాలే. కొండ ఊళ్ళలో రాయంటే అడ్డు. మా దగ్గర రాయంటే ఆస్తి.

సరే, మీ రాయిని ఎలా ఎంచుకోవాలి? కొనకండి. గట్టుమీదనుంచి పీక్కురాకండి. గోదావరి వరదకీ మన ఇళ్ళకీ మధ్య కాపలా కాస్తున్న రాళ్ళవి. గుడి దగ్గరివి ముట్టుకోకండి. పొలంగట్టున పాతిన సర్వే రాయి జోలికి అసలు వెళ్ళకండి. ఎంత ముద్దుగా ఉన్నా సరే. దాన్ని ఇంటికి తెస్తే దానితోపాటు కోర్టు వాయిదాలు కూడా వస్తాయి, తరాల తరబడి మేపాలి. మీ ఇంట్లో ఇప్పటికే ఉండి, ఎవరూ పట్టించుకోని రాయి అన్నిటికన్నా మేలు. దానికి మీ ఇంటి అలవాట్లన్నీ తెలుసు.

రాయిని పెంచడం మా యానాంలో పుట్టిన ఆలోచనేం కాదు. 1975లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో గేరీ డాల్ అనే ప్రకటనల రచయిత ఉండేవాడు. ఒక సాయంత్రం బార్లో స్నేహితులు తమ కుక్కలూ పిల్లులూ పెట్టే బాధలు చెప్పుకుంటుంటే, నా దగ్గర ఏ బాధా పెట్టనిది ఉంది, రాయి అన్నాడట. మాట అనేసి ఊరుకోలేదు. మెక్సికో తీరంనుంచి నున్నటి గులకరాళ్ళు తెప్పించి, గాలి ఆడేందుకు బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో గడ్డి పరిచి పడుకోబెట్టి, ఒక్కోటి 3 డాలర్ల 95 సెంట్లకి అమ్మాడు. పెట్టెలో 32 పేజీల పెంపకం పుస్తకం కూడా పెట్టాడు. ఆ క్రిస్మస్‌కి జనం ఎగబడ్డారు. కొద్ది నెలల్లో పదిలక్షలకి పైగా రాళ్ళు అమ్ముడుపోయాయి. డాల్ లక్షాధికారి అయ్యాడు. 2015లో కన్నుమూశాడు. ఆ వేలం వెర్రి మాత్రం మొదలైన మరుసటి ఏడాదికే చల్లారిపోయింది. కారణం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అది ఒకరికొకరు ఇచ్చుకునే నవ్వుల కానుక. విప్పారు, నవ్వారు, బల్లమీద పెట్టి మరిచారు. పెంచినవాళ్ళు తక్కువ. ఈమధ్య దక్షిణ కొరియాలో మాత్రం, పని భారంతో ఒంటరితనంతో అలిసిపోయిన కుర్రవాళ్ళు రాళ్ళకి పేర్లు పెట్టుకుని, దుప్పట్లు కప్పి, రాత్రిపూట వాటితో మాట్లాడుకుంటున్నారని 2024లో పత్రికలు రాశాయి. వాళ్ళకి అవసరం ఉంది. మనకీ ఉంది.

పెంపకంలో మొదటిది స్నానం. కొబ్బరిపీచు, మంచినీళ్ళు చాలు. సబ్బు వద్దు. నూనె అసలు వద్దు. నిగనిగలాడుతుంది గానీ చేతిలోంచి జారుతుంది, జారినప్పుడల్లా మీ బొటనవేలినే వెతుక్కుంటుంది. కడిగాక మెత్తటి పాతచీర ముక్కతో తుడవండి. ఈ పని చేస్తున్నంతసేపూ ఫోను పక్క గదిలో ఉండాలి. ఫొటో కూడా తీయొద్దు. ఫొటో తీసిన మరుక్షణం మీ మనసు రాయిమీదనుంచి, దాన్ని చూసి ఎవరేమంటారన్న దానిమీదకి దూకుతుంది.

శిక్షణ విషయంలో మీకు ఏ బెంగా అక్కర్లేదు. 'కూర్చో' అన్నది మా రాయుడు మొదటిరోజే నేర్చుకున్నాడు. 'కదలకు' అంటే కదలడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా మాట తప్పలేదు. 'రా' అన్నది ఇంకా రాలేదు. మా చిన్నది రోజూ సాయంత్రం వరండాకి ఆ చివర నిలబడి "రాయుడూ, రా రా" అని పిలిచి, రెండు నిమిషాలు ఓపిగ్గా ఎదురుచూసి, తనే వెళ్ళి ఎత్తుకొస్తుంది. ఇదివరకు బడినుంచి వచ్చి, అడిగింది అరక్షణంలో అందకపోతే నేలమీద పడి దొర్లిన పిల్ల ఇది. రెండు నిమిషాలు ఎదురుచూడటం దానికి ఎవరు నేర్పారు? నేను చెప్పిన నీతికథలు కావు.

అసలు తొందర దేనికి? కొవ్వూరుకి పడమటగా గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు కొండల్లో దొరికే నల్లరాయి వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళు. మా రాయుడు ఆ కొండల బిడ్డేనని నా నమ్మకం. పడమటి కనుమల వైపు పొంగిన లావా, అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకి పైగా పారి, రాజమండ్రి దగ్గరకొచ్చి గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. గోదావరి ఏ దారిన వచ్చిందో దాదాపు ఆ దారినే, గోదావరికన్నా ముందు, నిప్పు ఏరులా వచ్చిందన్నమాట. నేను ఈ సంగతి చదివిన రాత్రి రాయుణ్ణి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒకప్పుడు ఇతనూ పారాడు. ఇప్పుడు నా ఒళ్ళో చల్లగా ఉన్నాడు. ఆరోజు పొద్దున నన్ను కుదిపేసిన కరెంటు బిల్లు తగాదా ఏమిటో ఎంత తలుచుకున్నా సరిగ్గా గుర్తు రాలేదు.

రెండోది చూడటం. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మొదటిరోజు మీ రాయి గురించి మీకు కనిపించినవన్నీ రాయండి. నేను మూడు రాశాను. నల్లగా ఉంది, బరువుగా ఉంది, గుండ్రంగా ఉంది. అంతే. పెన్ను ఆగిపోయింది. అమ్మ పాతికేళ్ళు వాడిన రాయి, నేను రోజూ దాటుకు తిరిగిన రాయి, దాని గురించి నాకు తెలిసింది మూడు ముక్కలు. ఇరవయ్యో రోజుకి పేజీ నిండింది. చదునువైపు నడిమధ్య, దెబ్బలు పడిపడి, వేలికొస పట్టేంత గుంట ఏర్పడింది. ఆ గుంట అంచున చీమతలలంత తెల్లచుక్కలు నాలుగున్నాయి. కిటికీ పక్కన పెడితే మధ్యాహ్నం ఎక్కిన వేడి రాత్రి ఎనిమిదింటిదాకా దిగదు. అరచెయ్యి పెడితే జ్వరం వచ్చి తగ్గుతున్న పిల్లవాడి నుదుటిలా ఉంటుంది. శ్రావణంలో, ముసురు పట్టిన రోజుల్లో, నీళ్ళు చల్లకుండానే ఒళ్ళంతా చెమర్చుతుంది. ఎంత కడిగినా ఆ గుంటలో ఏదో తీపి ఉంది. రాత్రి పదిన్నర తరవాత దాని దగ్గరికి నల్లచీమలు వరసకట్టి వస్తాయి. మాకు వాసన తెలియదు, వాటికి తెలుస్తుంది.

పలకని దాన్ని ఇంతగా చూడగలిగితే, పలికే మనుషుల్ని చూడటం ఎంతసేపు? నెల తిరక్కుండానే మా ఆవిడ ఎడమ భుజం నొప్పితో గిన్నె కుడిచేత్తో దింపుతోందని గమనించాను. ఎన్నాళ్ళనుంచి అంటే ఏడాదినుంచి అంది. ఇంకేం రాయను దాని గురించి.

మూడోది కోపం. ఇది నిలబడి చెప్పాల్సిన విషయం. మనిషికి కోపం వచ్చిందంటే చెయ్యి మొదట వెతికేది రాయినే. విసరడానికే పుట్టిందన్నట్టు చూస్తాం దాన్ని. మాటల్లోనూ అంతే, ఒకరిమీద ఒకరం 'రాళ్ళు వేస్తాం'. కానీ మీరు కడిగి తుడిచి పేరుపెట్టి పెంచిన రాయిని విసరగలరా? ప్రయత్నించండి, చెయ్యి రాదు. నేను పనిచేసే చోట పైన ఉన్న ఒకాయన, నేను కట్టిన లెక్క తప్పని నలుగురిముందూ అన్నారు. లెక్క తప్పు కాదు. నిజానికి ఆయన పాత కాగితం చూస్తున్నారు. ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. ఫోను తీసి ఆయనకి ఏం రాయాలో నాలుగు పేరాలు మనసులో తయారయ్యాయి. అలవాటుకొద్దీ ముందు రాయుణ్ణి చేతిలోకి తీసుకున్నాను. కిలో రెండువందలు. అరచేతిలో ఆ బరువు దిగగానే భుజం దిగింది, భుజం వెంట ఊపిరి దిగింది. జరిగిందంతా పైకే చెప్పాను. రాయుడికి చెప్పిన మాట బయట పొక్కదు. మధ్యలో "అదికాదురా, నువ్వే సర్దుకుపో" అని అడ్డురాడు. అంతా చెప్పడం అయ్యాక నా చెవికే వినిపించింది, నాలుగు పేరాల్లో మూడున్నర నా పౌరుషం, అర పేరా అసలు విషయం. ఆ అర పేరా రెండు వాక్యాల్లో రాసి, కొత్త కాగితం జతచేసి పంపాను. మర్నాడు ఆయనే అందరిముందూ సరిదిద్దారు. నాలుగు పేరాలూ పంపి ఉంటే సరిదిద్దేవారా? నాకు నమ్మకం లేదు.

అందుకే కోపిష్టి కుర్రాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఒక పెంపుడు రాయి ఉండాలంటాను. కుర్రాడి చేతికే ఇవ్వండి. వాడికే పేరు పెట్టమనండి.

ఒక జాగ్రత్త. రాయికి బొట్టు పెట్టకండి. మన ప్రాంతంలో రాయికి పసుపు రాసి బొట్టు పెట్టడం ఎంతసేపు, అది దేవత అయిపోవడం ఎంతసేపు! రాయుణ్ణి కడిగి అరుగుమీద ఆరబెట్టిన రోజున, దారినపోతున్న ఒక మామ్మగారు ఆగి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళారు. ఆవిడ భక్తికి చేతులెత్తి నమస్కారం. మర్నాడు ఇంకెవరో మందారం పెట్టారు. ఇంకో వారం ఊరుకుంటే ఏటా జాతర చేయాల్సి వచ్చేది. దేవుడికి మనం మొక్కుతాం, కోరికలు చెప్పుకుంటాం, ఏదో ఒకటి ఇవ్వమంటాం. రాయుడి దగ్గర మనం ఏమీ అడగం. అడగకుండా పదినిమిషాలు ఒకరి పక్కన కూర్చోవడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది. అందుకని లోపలికి తెచ్చేశాను. రూపాయి బిళ్ళ మీసాల వెంకన్న గుడి హుండీలో వేశాను.

షికారు కూడా తిప్పండి. గుడ్డసంచీలో వేసుకుని సాయంత్రం రాజీవ్ బీచ్‌కి తీసుకెళతాను. వెళ్ళేటప్పుడు కుడిచెయ్యి, వచ్చేటప్పుడు ఎడమచెయ్యి. భుజాలకి మంచిది. గౌతమికి ఎదురుగా గట్టుమీద కూర్చుని సంచీలోంచి తీసి పక్కన పెడితే, ఎదుర్లంక వంతెన మీద లైట్లు వెలిగేదాకా ఇద్దరికీ కాలక్షేపం. "ఏటండీ అది?" అని అడుగుతారు. "మా రాయుడండీ" అంటాను. నవ్వుతారు, కూర్చుంటారు, చేతిలోకి తీసుకుంటారు. తీసుకున్న ప్రతివాళ్ళూ ఒకటే పని చేస్తారు, బరువు చూస్తారు. ఆ తరవాత మెల్లగా ఏదో ఒకటి చెప్పడం మొదలుపెడతారు. వాళ్ళ అమ్మ రోలు గురించి. తాతగారు పడవలో తెప్పించిన తిరగలి గురించి. ఇంటింటికీ తిరిగి రోళ్ళకి కక్కు కొట్టేవాళ్ళ ఉలి చప్పుడు గురించి. పరిచయం లేని మనుషులతో మాట కలపడం రాదని బాధపడేవాళ్ళకి నేనిచ్చే సలహా ఇదే. చేతిలో ఒక రాయి ఉంచుకోండి, మాట దానంతటదే వస్తుంది.

ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం గొప్పేమిటండీ అని ఒకాయన అడిగాడు. ధవళేశ్వరం వెళ్ళి రమ్మన్నాను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్టలో రాళ్ళు చేసిన పని ఏమిటి? కదలకుండా కూర్చోవడమే. అవి అలా కూర్చున్నందుకే కాలవలు పారాయి, డెల్టా అన్నం తింది. రాయి లేని మా నేలకి అన్నం పెట్టింది రాళ్ళే. మన పెళ్ళిలోనూ ఆ మాట ఉంది. సన్నికల్లుమీద కాలు పెట్టించి మెట్టెలు తొడుగుతారు, రాయిలా స్థిరంగా ఉండమని. శారదా చట్టం వచ్చాక ఇంగ్లీషు ఏలుబడిలో చిన్నపిల్లలకి పెళ్ళి చేయడానికి వీల్లేక, జనం ఫ్రెంచి యానాంకి తరలివచ్చి చేసుకునేవారు. కల్యాణపురమని పేరు కూడా పడింది మా ఊరికి. ఎంతెంత చిన్న పాదాలు ఆ రాళ్ళమీద పెట్టించారో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. స్థిరంగా ఉండమని పిల్లకి ఒక్కదానికే చెప్పడం కూడా నాకు ఏనాడూ నచ్చలేదు. పెళ్ళికొడుకు పాదం కూడా పెట్టించాలి.

నాకు రాయుడు నిజంగా దొరికింది 2022 జూలైలో. అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. బెల్లం పొడి పొట్లాల్లో దొరుకుతుండటంతో రాయి తలుపు దగ్గరకి చేరింది. ఆ జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి యానాం మునిగింది. మా వీధిలో మోకాలు దాటి నీళ్ళు. పిల్లల్ని, నాన్నగారిని తీసుకుని ఎత్తున్న చుట్టాలింటికి వెళ్ళిపోయాం. నీళ్ళు తీశాక వచ్చి తలుపు తీస్తే, ప్లాస్టిక్ కుర్చీలు వంటింట్లో ఉన్నాయి, ఖాళీ గ్యాస్ సిలిండర్ పడగ్గదిలో ఉంది, వంటింటి డబ్బాలు వరండాలో ఉన్నాయి. ఇల్లంతా జానెడు ఒండ్రు. ఎక్కడ ఏది ఉండాలో అక్కడ ఏదీ లేదు. పారతో బురద తీస్తుంటే తలుపు పక్కన ఠంగుమంది. వేళ్ళతో తవ్వాను. అమ్మ రాయి. ఎక్కడ పెట్టామో అక్కడే, చదునువైపు పైకి. బురద నీళ్ళతోనే కడిగి ఎత్తిపట్టుకున్నాను. పెంచడం మొదలైంది ఆరోజునుంచే.

ఇక నాన్నగారు. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఆయన.

చిన్నప్పుడు బడిలో జరిగింది అడిగితే చెప్పకుండా నేను మూతి బిగించుకుని కూర్చుంటే, "బెల్లం కొట్టిన రాయిలా అలా కూర్చున్నావేంరా" అనేది అమ్మ. చేతిలో ఈ రాయే ఉండేది అప్పుడు. అమ్మ పోయాక నాన్నగారు అలా అయిపోయారు. ఉలుకూ పలుకూ లేదు. భోజనానికి పిలిస్తే వస్తారు, తింటారు, వీధరుగుమీద కూర్చుంటారు. మొదట్లో మేం చాలా మాట్లాడించబోయాం. టీవీ పెట్టాం, ఫోను కొనిచ్చాం, చుట్టాల్ని పిలిచాం. జవాబు రాకపోయేసరికి మెల్లగా మానేశాం. మందులు వేళకి ఇచ్చేవాళ్ళం, అంతకుమించి పక్కన కూర్చునేవాళ్ళం కాదు. జవాబు చెప్పని మనిషి పక్కన కూర్చోవడం కష్టం. ఏదో అడుగుతాం, ఆయన చెప్పరు, మనకి చిన్నతనంగా ఉంటుంది, లేచిపోతాం. చాలా ఇళ్ళలో అరుగుల మీద పెద్దవాళ్ళు ఒంటరిగా మిగిలిపోయేది ఇలాగే. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు.

రాయుడితో మూడు నెలలు కూర్చున్నాక నాకు ఆ కష్టం పోయింది. ఒక సాయంత్రం రాయుణ్ణి తీసుకెళ్ళి నాన్నగారి పక్కన అరుగుమీద పెట్టి, నేనూ కూర్చున్నాను. ఏమీ అడగలేదు. పది నిమిషాలయ్యాక లేచాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మీరు కూడా మీ ఇంట్లో మాట్లాడని మనిషి దగ్గర ఇలాగే చెయ్యండి. బాగోగులు అడగకండి, సలహా చెప్పకండి, వాళ్ళని నవ్వించే భారం నెత్తిన వేసుకోకండి. రోజూ ఒకే వేళకి వెళ్ళండి. పది నిమిషాలు. వాళ్ళు మీవైపు తిరగకపోయినా వెళ్ళండి. పదిహేనో రోజో పదహారో రోజో, నేను వెళ్ళేసరికి నాన్నగారు అరుగుమీద కొంచెం పక్కకి జరిగి కూర్చుని ఉన్నారు, నాకు చోటు వదిలి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. రాయుణ్ణి కొవ్వూరు తీసుకెళ్ళి గోష్పాద రేవులో ఒక మునక వేయించాలని, నాన్నగారిని కూడా తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం.

మొన్న సంక్రాంతికి ముందు పక్కింటి పిన్నిగారు వచ్చారు. అరిసెలకి బెల్లం దిమ్మ తెచ్చారట, మిక్సీ మూత విరిగిందట. "మీ రాయుడుగారిని ఒక గంట పంపిస్తారా అమ్మా" అని అడిగారు. మా చిన్నది తువ్వాల్లో చుట్టి రెండుచేతులా మోసుకెళ్ళింది, దగ్గరుండి పని చేయించుకుని తీసుకొచ్చింది. చదునువైపు బెల్లం మెరుస్తోంది. కడగబోతుంటే నాన్నగారు చెయ్యి చాచారు. ఇచ్చాం. రాయిని ఒళ్ళో పెట్టుకుని, ఆ గుంటలో వేలు పెట్టి తిప్పి, నాకారు. కాసేపు ఊరుకున్నారు.

"మీ అమ్మ తెచ్చే బెల్లం కాదిది" అన్నారు. "ఉప్పగా ఉంది."